చలి లేని ఊరికి ఎనిమిది వందల రగ్గులు

ఆఫీసు రిజిస్టరులో ఆవిడకి ఒక పేరు ఉంది. ఆ పేరు పెట్టి పిలిస్తే వీధిలో ఎవరూ పలకరు, ఆవిడతో సహా. అందరికీ ఆవిడ ధన్యవాదాల పిన్ని. కూరగాయల బండి అబ్బికీ పిన్నే, ఆవిడకంటే పదిహేనేళ్ళు పెద్దయిన ఎదురింటి తాతకీ పిన్నే.

ఆవిడ చేసే ఉద్యోగం అలాంటిది మరి. రేవుకి రెండు వీధుల ఇవతల పసుపు రంగు మేడ ఒకటి ఉంది. దాని మూడో అంతస్తులో, పైదేశాల నుంచి సాయంగా వచ్చే సరుకుల వ్యవహారం చూసే ఆఫీసు. ఒక దేశం గోధుమలు పంపుతుంది, ఇంకొకటి మందులు పంపుతుంది, మరొకటి ట్రాక్టర్లు పంపుతుంది. పంపిన ప్రతి దేశానికీ, మీరు ఇచ్చినది అందింది, మాకు మేలు జరిగింది అని ఒక ఉత్తరం వెళ్ళాలి. అది వెళ్ళకపోతే ఇచ్చినవాళ్ళు మూతి ముడుచుకుంటారు. ఈ విషయంలో దేశాలకీ తోటికోడళ్ళకీ పెద్ద తేడా లేదు. ఇరవై ఎనిమిదేళ్ళుగా ఆ ఉత్తరాలు టైపు చేసేది పిన్ని. మొదట్లో టకటకలాడే మెషీను మీద, ఇప్పుడు చప్పుడు చెయ్యని కంప్యూటరు మీద. చప్పుడు లేకపోతే పనిచేసినట్టే ఉండదని ఇప్పటికీ ఆవిడ మీటల్ని గుద్దుతుంది.

ఉద్యోగంలో చేరిన మొదటి ఏడే ఆవిడకి ఒక దెబ్బ తగిలింది. అప్పట్లో సొరుగులో ఒక నమూనా ఉత్తరం ఉండేది. "మీ ఉదారమైన సాయం మా ప్రజల కష్టాలను ఎంతగానో తీర్చినది" అని అచ్చు వేసినట్టు ఉండేది. ఖాళీలో సరుకు పేరు నింపితే చాలు. పిన్ని పాలపొడి డబ్బాలని నింపింది. కొత్త ఉత్సాహం కదా, ఊరుకోకుండా కింద ఒక మాట చేర్చింది, మా పిల్లలు మూడు పూటలా ఆనందంగా తాగుతున్నారని. మూడు వారాలకి జవాబు వచ్చింది. మీ పిల్లలు తాగుతున్నందుకు మాకు చాలా సంతోషం, అయితే పాలపొడి ఇంకా మా రేవులోనే ఉంది, ఓడకి మరమ్మతు జరుగుతోంది, అని.

ఆఫీసు ఆఫీసంతా ఏడాది పొడుగునా నవ్వింది. "పిన్నిగారూ, మూతికి పాలు అంటుకున్నాయి, తుడుచుకోండి" అని అటెండరు కనపడ్డప్పుడల్లా అనేవాడు. ఆ అవమానం ఆవిడకి ఎముకల్లో దిగిపోయింది. సొరుగులో నమూనాని నాలుగు ముక్కలు చేసింది. అప్పటినుంచి ఒకటే పట్టు. వచ్చిన వస్తువుని తన కళ్ళతో చూడాలి, అది వాడుకలో ఉండగా చూడాలి, అప్పుడుగానీ ఉత్తరం మొదలుపెట్టదు.

దానికి తోడు ఆవిడకి పుట్టుకతో వచ్చిన గుణం ఒకటుంది. పక్కింట్లో సంచీ దింపితే అందులో ఏముందో తెలిసేదాకా ఆవిడకి కాళ్ళూ చేతులూ ఆడవు. ఆ గుణానికి ఇలా జీతం కూడా ఇచ్చే ఉద్యోగం దొరకడం ఆవిడ అదృష్టం. బడికి బల్లలు వస్తే వెళ్ళి బల్ల మీద కూర్చుని చూసింది. ఆ దేశం పిల్లలు పొడుగేమో, బల్లలు ఎత్తుగా ఉన్నాయి. మన పిల్లల కాళ్ళు నేలకి అందక ఊయల ఊగుతున్నాయి. ట్రాక్టరు వస్తే డ్రైవరు పక్కన ఎక్కి చేను చుట్టూ తిరిగి, రెండు రోజులు నడుం పట్టుకుని నడిచింది. కాలేజీకి సూక్ష్మదర్శినులు వస్తే అందులోంచి చెరువు నీటిబొట్టు చూసింది. ఆ వారమంతా ఇంట్లో మంచినీళ్ళు రెండుసార్లు కాచింది. చూసినవన్నీ ఉత్తరంలో పెట్టేది కాదు. చూడనిది మాత్రం ఒక్క ముక్క పెట్టేది కాదు.

సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చాక చెప్పులు విప్పకముందే వీధి మెట్ల మీద సభ తీరేది. ఆ రోజు ఏ దేశం ఏం పంపిందో, అది ఎవరి చేతిలో పడి ఎలా ఉందో అందరికీ చెప్పాలి. ఇంట్లో వినేవాళ్ళు తక్కువ మరి. భర్త గడియారాలు బాగుచేస్తాడు. ఇంటి ముందు గదే కొట్టు. కంటికి అద్దం తగిలించుకుని చిన్న చిన్న చక్రాలలోకి వంగితే లోకం తలకిందులైనా వినపడదు. మాట్లాడితే మాత్రం ఒక్క ముక్కే మాట్లాడి, ఎక్కడ తగలాలో అక్కడ తగిలిస్తాడు. కొడుకు బస్సు డ్రైవరు. కోడలు టీకాలు వేసే నర్సు.

ఈ కోడలు పిల్ల ఉద్యోగం సంగతి కాస్త చెప్పాలి. ఊరిని ఆనుకుని ఏరు ఉంది. ఏటి అవతల ఐదు పల్లెలు. పసిపిల్లల టీకాలు చల్లగా ఉండాలి, వేడెక్కితే మందు చచ్చిపోతుంది. కోడలు ఒక పెట్టెలో ఐసు పెట్టి, ఐసు మధ్య సీసాలు పెట్టి, పెట్టె భుజాన వేసుకుని పడవ ఎక్కేది. మొదటి పల్లె, రెండో పల్లె, మూడో పల్లె. అక్కడికి ఐసు నీళ్ళయ్యేది. నాలుగు, ఐదు పల్లెల తల్లులు పిల్లల్ని చంకనేసుకుని రెండు కోసులు నడిచి రావాలి, లేకపోతే మానుకోవాలి. చాలామంది మానుకునేవారు. అవతలి గట్టు మీద, ఐదో పల్లె పక్కన ఉన్న చిన్న ఆసుపత్రిలో ఒక చల్లగది కట్టిస్తే ఈ బాధ తప్పుతుందని ఐదేళ్ళ కిందట ఒక దేశానికి అర్జీ వెళ్ళింది. ఏడాదిలో ఎనిమిది నెలలు మంచు కురిసే దేశం అది. వీధిలో దాన్ని చలిదేశం అనేవారు. ప్రతి ఏడూ "పరిశీలనలో ఉంది" అని జవాబు వచ్చేది.

ఇంతలో ఏరు పొంగింది. పల్లపు వీధులు నాలుగు రోజులు నీళ్ళలో ఉన్నాయి. నీళ్ళు తీసిన తర్వాత దోమలు దండెత్తాయి. ఆఫీసువాళ్ళు దోమతెరలు కావాలని దేశాలన్నిటికీ అర్జీలు పెట్టారు. మూడు నెలల తర్వాత చలిదేశం నుంచి ఓడ వచ్చింది. మూటలు విప్పితే ఎనిమిది వందల ఉన్ని రగ్గులు. అరచెయ్యి మందం, అంచుకి ఎర్ర దారం కుట్టు, మూలకి చిన్న గుడ్డ బిళ్ళ. అప్పటికి ఎండలు మండుతున్నాయి. గోడౌను కాపలాదారు ఒకటి ముట్టుకుని చెమట తుడుచుకున్నాడు.

"కప్పుకోవాలా, తినాలా పిన్నీ దీన్ని?" అన్నాడు.

పంచిపెట్టక తప్పదు కాబట్టి పల్లపు వీధుల్లో పంచిపెట్టారు. రెండు వారాలు ఆగి పిన్ని, ఎప్పటిలాగే సంచీ తగిలించుకుని చూడటానికి బయల్దేరింది. ఏ ఇంట్లోనూ రగ్గు లేదు. ఏదమ్మా అంటే ఆడవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. సర్కారు మనిషి అడుగుతోంది, ఏం చెప్పాలో అని. చివరికి ఒకావిడ తలుపు వెనక నుంచి అంది, "ఐసు ఫ్యాక్టరీవాడు బియ్యం ఇస్తే ఇచ్చేశాం పిన్నీ."

అంతే, పిన్ని కాళ్ళకి చక్రాలు వచ్చాయి. ఐసు ఫ్యాక్టరీకి పోయింది. అక్కడ మంచం పొడుగు ఐసు దిమ్మలు రగ్గులు చుట్టుకుని వరసగా పడుకుని ఉన్నాయి.

"రంపపు పొట్టు పోసేవాళ్ళం ఇదివరకు. సాయంత్రానికి సగం కరిగిపోయేది. ఇప్పుడు ఎల్లుండికి కూడా అంచు పోవట్లేదు" అన్నాడు ఫ్యాక్టరీ మేస్త్రి.

అక్కడినుంచి చేపల బజారుకి పోయింది. బుట్టల మీద రగ్గులు. ఇస్త్రీ బల్లల మీద రగ్గులు. పాటలు నేర్పే బడిలో గోడలకి మేకులు కొట్టి రగ్గులు వేలాడదీశారు. పిల్లల సాధన వినలేక పోట్లాటకొచ్చే పక్కింటాయన ఇప్పుడు నవ్వుతూ పలకరిస్తున్నాడని పంతులమ్మ చెప్పింది.

ఆ సాయంత్రం మెట్ల సభలో పిన్ని ఇదంతా చెబుతుంటే కోడలు గుమ్మంలో నిలబడి వింది. మర్నాడు మామగారి కొట్టులోంచి పెద్ద సూది తెచ్చుకుని, ఐసు ఫ్యాక్టరీలో అడిగి తెచ్చిన రగ్గు ఒకటి కత్తిరించి టీకాల పెట్టె చుట్టూ చొక్కాలాగా కుట్టింది. ఆ వారం ఐసు నాలుగో పల్లెదాకా నిలిచింది. ఐదో పల్లెకి నిలవలేదు.

ఇక ఉత్తరం రాయాలి. పిన్ని కూర్చుని ఎంత ఆలోచించినా, రగ్గులు మా ప్రజలను చలి నుండి కాపాడినవి అనే మాట వేళ్ళలోంచి రాలేదు. ఆఖరికి ఉన్నది ఉన్నట్టు కొట్టింది.

"మీరు పంపిన ఎనిమిది వందల రగ్గులు అందాయి. మేము దోమతెరలు అడిగాము. మా ఊళ్ళో చలి లేదు, కనుక రగ్గులు ఎవరూ కప్పుకోవడం లేదు. కానీ ఒక్కటి కూడా ఊరికే పడి లేదు" అని మొదలుపెట్టి, ఐసూ చేపలూ ఇస్త్రీ బల్లలూ పాటలూ అన్నీ వరసగా చెప్పి, ఒకటి మా కోడలి టీకాల పెట్టెకి చొక్కా అయిందని చెప్పి, చివర్లో ఇలా ముగించింది: "ఇంత మంచి ఉన్ని ఇచ్చిన మీ గొర్రెలకి కూడా మా ధన్యవాదాలు."

ఆఫీసరు ఫోన్లో మాట్లాడుతూ సంతకం పెట్టాడు. ఇరవై ఎనిమిదేళ్ళలో ఏ ఆఫీసరూ ఆ ఉత్తరాలు చదివిన పాపాన పోలేదు. ధన్యవాదాల్లో చదవడానికి ఏముంటుంది అనుకునేవారు.

ఐదు వారాల తర్వాత జవాబు వచ్చింది. ఆ రోజు ఆఫీసరు పిన్నిని గదిలోకి పిలిచాడు. మంచివాడే, కాకపోతే భయస్తుడు. చీమ చిటుక్కుమంటే కుర్చీలోంచి లేస్తాడు. ఆయన ముందు ఆ జవాబూ, పిన్ని ఉత్తరం నకలూ పక్కపక్కన ఉన్నాయి.

"పిన్నిగారూ, దోమతెరలు అడిగామని రాశారా?"

"అడిగాం కదండీ."

"అడిగాం. అడిగితే మాత్రం చెప్పుకుంటామా? పెళ్ళిలో ఎవరైనా గిన్నె ఇస్తే, నేను పళ్ళెం అనుకున్నానండీ అంటామా?"

పిన్ని తన నకలు వంక తొంగి చూసింది.

"సరే. గొర్రెలకి ధన్యవాదాలు ఏమిటండీ?"

"బొచ్చు వాటిదే కదండీ."

ఆఫీసరు రెండు చేతుల్లో తల పెట్టుకున్నాడు. జవాబులో ఉన్నది మూడు వాక్యాలే. మీ ఉత్తరాన్ని ఇక్కడ చాలామంది చదివారు. మా తరఫున ఇద్దరు వచ్చి స్వయంగా చూస్తారు. మీ చల్లగది అర్జీ సంగతి ఆ తర్వాతే తేలుస్తాము.

"ఐదేళ్ళకి ఆ గది మన నోటిదాకా వచ్చిందండీ" అన్నాడు ఆఫీసరు. "వాళ్ళకి కోపం వచ్చిందంటే ఇక అంతే. మొదటి ఉత్తరం పొరపాటున వెళ్ళిందని ఇంకోటి కొట్టండి."

"పొరపాటు కాదు కదండీ."

ఆయన చాలాసేపు బతిమాలాడు. పిన్ని కదల్లేదు. చివరికి ఆయన ఒక మెట్టు దిగాడు. "కనీసం వాళ్ళు వచ్చిన రోజు మీరు నోరు విప్పకండి. మిగతాది నేను చూసుకుంటాను."

ఇంటికి వచ్చి పిన్ని చెప్పులు విప్పింది. మెట్ల మీద కూర్చోలేదు. సభకి వచ్చినవాళ్ళు కాసేపు చూసి వెళ్ళిపోయారు. వంటింట్లో కోడలు సూదులు వేడినీళ్ళలో మరిగిస్తోంది. పిన్ని సంగతంతా చెప్పింది. కోడలు మంట తగ్గించి, చేతులు తుడుచుకుని, అత్తగారి ఎదురుగా పీట మీద కూర్చుంది.

"మీరు అబద్ధం రాశారని నేను అనట్లేదు అత్తయ్యా" అంది మెల్లగా. "కానీ పోయినేడు ఐదో పల్లెలో ముప్పై మంది పిల్లలకి తట్టు పోసింది. నేను ఒక్కొక్క ఇల్లూ తిరిగాను. ఏమే, మా పిల్లలు చివర ఉన్నారని మాకు రాలేదా అని ఒక ముసలమ్మ నన్ను అడిగింది. నాకు ఆ గది కావాలి. అది వచ్చేదాకా మీరు కాస్త..."

మాట పూర్తి చెయ్యలేదు. చెయ్యనక్కర్లేదు. తన ఉత్తరం అంత దూరం పోయి ఐదో పల్లె పిల్లల మీద పడుతుందని పిన్ని అనుకోలేదు.

"విప్పను" అంది. "ఆ రోజు నోరు విప్పితే నా పేరు మార్చి పిలు."

ముందు గదిలోంచి భర్త గొంతు వచ్చింది. "ఎంతసేపు ఆగుతావో నేను గడియారం పెట్టి చూస్తాను."

ఆఫీసరు చూసుకుంటానన్న మిగతాది ఏమిటో వాళ్ళు వచ్చే రోజు పొద్దున తెలిసింది. బడి వరండాలో బెంచీలు వేసి, ఇరవై మందిని కూర్చోబెట్టి, ఐసు ఫ్యాక్టరీ నుంచి అరువు తెచ్చిన రగ్గులు కప్పించాడు. మనిషికి టీ, రెండు అరటిపళ్ళు. ఎదురింటి తాత మొదటి బెంచీలో ఉన్నాడు. రగ్గు తడిగా ఉండబట్టి మొదటి గంట బాగానే గడిచింది. రెండో గంటకి అది ఆరిపోయింది.

"పిన్నీ, నేను ఉడికిపోతున్నాను" అన్నాడు తాత.

పిన్ని నోరు విప్పకుండా నీళ్ళ సీసా అందించింది.

పదకొండు గంటలకి కారు వచ్చింది. అందులోంచి ఇద్దరు దిగారు. ఒకావిడ తాటిచెట్టంత పొడుగు. మన భాష నేర్చుకుంది. ఒక్కో మాటా ఇటుక మీద ఇటుక పేర్చినట్టు పేర్చి మాట్లాడుతుంది. రెండో ఆయన ముసలాయన, గుబురు మీసాలు, పెద్ద పెద్ద చేతులు. ఆయనకి మన భాష రాదు, అన్నీ ఆవిడే చెప్పాలి. ఎండకి ఇద్దరూ అప్పటికే టమాటాల్లా ఉన్నారు.

పొడుగావిడ వరండాలో ఇరవై మందినీ చూసింది. చేతిలో కాగితాల కట్టతో విసురుకుంటూ తాత ముందు వంగింది.

"మీకు చలి వేస్తున్నదా?"

"వేస్తోందమ్మా" అన్నాడు తాత. ముక్కు చివర నుంచి చెమట బొట్టు రగ్గు మీద పడింది. "ఒకటే వణుకు."

"ఇక్కడ గాలి ఒక్కోసారి..." అని ఆఫీసరు ఏదో మొదలుపెట్టాడు గానీ గాలి గురించి చెప్పడానికి ఆ రోజు గాలే లేదు.

ముసలాయన రగ్గుల్ని చూడలేదు. చొక్కా జేబులోంచి ఒక కాగితం తీశాడు. మడతల దగ్గర చిరిగితే అంటించి ఉంది. దాన్ని విప్పి పొడుగావిడతో ఏదో అన్నాడు.

"ఈయన అడుగుతున్నారు" అంది ఆవిడ. "ఐసు ఫ్యాక్టరీ ఎక్కడ? ఈ ఉత్తరం రాసినవారు ఎవరు?"

ఆఫీసరు పైకప్పు వంక చూశాడు. అటెండరు కూడా చూశాడు. పిన్ని పెదాలు బిగబట్టుకుని నిలబడింది. నాలుక కింద మాట కదులుతోంది. చూపు మాత్రం వరండా చివర ఉన్న కోడలి మీద ఉంది. పెట్టె భుజాన వేసుకుని, ఆ తర్వాత పడవ ఎక్కాలి కాబట్టి నిలబడే ఉంది కోడలు. ఆ పెట్టెకి రగ్గు చొక్కా. కోడలు ఆ కాగితాన్ని చూసింది, అంటించిన మడతల్ని చూసింది, ముసలాయన దాన్ని పట్టుకున్న తీరు చూసింది. కోపం వచ్చినవాడు కాగితాన్ని అలా పట్టుకోడు.

"చెప్పండి అత్తయ్యా" అంది.

"నేనే రాశాను" అంది పిన్ని. ఆ తర్వాత ఇంకేం ఆగుతుంది. "రండి, ఫ్యాక్టరీ దగ్గరే. తాతా, ఆ రగ్గు తీసెయ్యి, చచ్చిపోతావు."

ఇరవై రగ్గులూ ఒక్కసారి కిందపడ్డాయి.

ఐసు ఫ్యాక్టరీలో మేస్త్రి ఒక దిమ్మ మీద రగ్గు అంచు ఎత్తాడు. లోపల నుంచి చల్లటి పొగ లేచింది. ముసలాయన మోకాళ్ళ మీద కూర్చుని, రగ్గు మూలన ఉన్న గుడ్డ బిళ్ళ వెతికి, వేలితో రుద్ది, ఏదో మెల్లగా చెప్పాడు. పొడుగావిడ దాన్ని మన భాషలోకి మార్చి చెప్పింది.

"ఈయన మా గోడౌనులో నలభై ఏళ్ళు మూటలు కట్టారు. ఈ బిళ్ళలు కట్టేది ఈయనే. మూట ఎక్కడికి వెళ్ళిందో ఎప్పుడూ తెలుసు. ఏమయిందో ఎప్పుడూ తెలియదు. మీ ఉత్తరం మా గోడౌను గోడ మీద అంటించారు. అందుకని ఈయన్ని కూడా తీసుకుని వచ్చాను."

పిన్ని కూడా ఆ బిళ్ళని ఒకసారి వేలితో రుద్ది, "చేపల బజారు కూడా చూస్తారా, కాస్త కంపు కొడుతుంది మరి" అంది.

చేపల బజారు చూశారు. ఇస్త్రీ బల్లలు చూశారు. పాటల బడిలో ముసలాయన గోడ రగ్గుని దులిపి, మేకు వదులైందని తనే రాయి తీసుకుని కొట్టాడు. ఆఫీసరు అందరికంటే వెనక, ఎవరో తన కుర్చీ లాగేసినట్టు నడిచాడు. చివరికి పడవల రేవు దగ్గర కోడలు పెట్టె దించింది. పొడుగావిడ మూత తీయించి, సంచీలోంచి చల్లదనం కొలిచే గొట్టం తీసి లోపల పెట్టి, అంకె చూసి, మళ్ళీ పెట్టి చూసింది. ఆ తర్వాత వరసగా ప్రశ్నలు వేసింది. ఎన్ని పల్లెలు, ఎంత దూరం, ఎన్ని గంటలు. కోడలు ఒక్కో దానికీ తడుముకోకుండా చెప్పింది.

"నాలుగో పల్లెకి ఐసు ఉంటున్నది. ఐదో పల్లెకి?"

"నీళ్ళు ఉంటాయండి. ఆ పిల్లలకి తాగడానికి ఇస్తాను, చల్లగా ఉంటాయి కదా. అంతకంటే ఏం ఇవ్వలేను."

పొడుగావిడ అది కాగితం మీద ఎక్కించుకుంది. ఆఫీసరు ధైర్యం చేసి గొంతు సవరించుకున్నాడు.

"అమ్మా, ఆ ఉత్తరం మీకు బాధ కలిగించి ఉంటే..."

"మాకు ఎన్నో దేశాల నుంచి ఉత్తరాలు వస్తాయి" అందావిడ, ఇటుకలు పేరుస్తూ. "అన్నీ ఒకే ఉత్తరం. ఉదారమైన సాయం. కష్టాలు తీరినవి. మేము వాటిని చదవము, డబ్బాలో పెడతాము. ఇది చదివాము. మేము రగ్గులు పంపడం తప్పు. అది కూడా దీని వల్లే తెలిసింది." కారు ఎక్కబోతూ ఆగింది. "చల్లగది సంగతి నేను ఒక్కదాన్నే చెప్పలేను. అక్కడ ఇంకా ఆరుగురు ఉన్నారు."

ఆ ఆరుగురూ నాలుగు నెలలు తీసుకున్నారు. ఆ నాలుగు నెలలూ పిన్ని మెట్ల మీద కూర్చుందే గానీ చలిదేశం మాట ఎత్తలేదు. కోడలు అడగలేదు. ముందు గదిలో గడియారాలు మాత్రం తమ పని చేసుకుపోయాయి. ఆ రోజు నువ్వు నోరు మూసుకున్నది మూడు గంటల పది నిమిషాలు, నేను గంట కూడా అనుకోలేదు, అని భర్త ఒకసారి మెచ్చుకున్నాడు.

ఐదో నెల మొదట్లో కాగితం వచ్చింది. చల్లగది మంజూరైంది. అవతలి గట్టుకి సామాను, బిగించే మనిషి, ఇద్దరికి నేర్పించే ఖర్చు. అడుగున ఇంకో వాక్యం ఉంది, విడిగా ఎనిమిది వందల దోమతెరలు బయల్దేరాయని. ఆఫీసరు ఆ కాగితం చేత్తో పట్టుకుని తనే మెట్లు దిగి, వీధుల్లో నడుచుకుంటూ పిన్ని ఇంటికి వచ్చాడు. పిన్ని అప్పుడు ఆఫీసులోనే ఉంది, ఆయన పక్క గదిలో. ఆ సంగతి ఆయనకి గడియారాల కొట్టు ముందు నిలబడ్డాక గుర్తొచ్చింది.

గది తయారవడానికి ఇంకో ఏడు నెలలు పట్టింది. అప్పటికి పిన్ని రిటైరవడానికి ఇంకో రెండు నెలలుంది. ధన్యవాదాలు రాయాలి. రాయాలంటే చూడాలి. ఒక పొద్దున పడవలో ఆవిడా, ఆఫీసరూ అవతలి గట్టుకి వెళ్ళారు. ఆఫీసరు ఏ సరుకునైనా చూడటానికి కదలడం అదే మొదలు.

చిన్న ఆసుపత్రి వెనక తెల్లటి గది. ఇనప తలుపు, దానికి పెద్ద పిడి. బయట చెట్టు నీడన తల్లులు పిల్లల్ని ఒళ్ళో పెట్టుకుని వరసగా కూర్చున్నారు. ఐదో పల్లెవాళ్ళే ముందు వచ్చారు, వాళ్ళ పల్లె ఇక్కడికి కూతవేటు దూరం. అందులో ఒక ముసలమ్మ మనవడిని ఎత్తుకుని, "మొదట మాదే" అని అందరికీ చెబుతోంది.

కోడలు తలుపు తెరిచింది. పిన్ని ఒక్క అడుగు లోపల వేసి వెంటనే బయటికి దూకింది.

"అమ్మో, ఇదేం చలే."

"ఐదు డిగ్రీలు అత్తయ్యా. ఇలాగే ఉండాలి."

"మరి నువ్వు ఇందులో ఎలా మసులుతున్నావు?"

కోడలు తలుపు వెనక మేకుకి వేలాడుతున్నవి తీసింది. రెండు ఉన్ని రగ్గులు, ఎర్ర దారం అంచు, మూలకి గుడ్డ బిళ్ళ. ఒకటి అత్తగారి భుజాల చుట్టూ కప్పి మెడ దగ్గర ముడేసింది. రెండోది ఆఫీసరుకి ఇచ్చింది. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి కప్పుకున్నాడు.

పిన్ని గదంతా తిరిగింది. అరల మీద పెట్టెలు, పెట్టెల మీద చీటీలు, గోడకి అంకె చూపే చిన్న కిటికీ. ప్రతిదీ ముట్టుకుంది. కోడలు కొన్నిటిని ముట్టుకోనివ్వలేదు. పిన్ని ముక్కు ఎర్రబడింది, వేళ్ళు బిగుసుకున్నాయి. బతుకులో మొదటిసారి ఆవిడకి రగ్గు వెచ్చగా ఉంటుందని తెలిసింది. బయటికి వచ్చాక కూడా ముడి విప్పలేదు. ఎండలో రగ్గు కప్పుకునే, ముసలమ్మ మనవడికి సూది గుచ్చేదాకా నిలబడి చూసింది. వాడు ఏడ్చాడు. ముసలమ్మ నవ్వింది.

మర్నాడు ఉత్తరం ఆఫీసరు బల్ల మీదకి వెళ్ళింది. ఫోను మోగింది. ఆయన ఎత్తలేదు. కళ్ళజోడు తుడుచుకుని మొదటి మాట నుంచి చదివాడు.

"మీ చల్లగది నేను లోపలికి వెళ్ళి చూశాను. మీరు పంపిన రగ్గుల్లో రెండు ఇప్పుడు చలికి కప్పుకుంటున్నాము. ఐదో పల్లెలో మొదటి రోజు ఇరవై ఆరుగురు పిల్లలకి టీకాలు పడ్డాయి, ఇరవై ఆరుగురూ ఏడ్చారు. మూటలు కట్టిన పెద్దాయనకి ఈ మాట చదివి వినిపించండి..."

పేజీ చివరిదాకా వచ్చి ఆయన తలెత్తాడు.

"ఈసారి గొర్రెల మాట మర్చిపోయినట్టున్నారు పిన్నిగారూ."

"రెండో పేజీ తిప్పండి" అంది పిన్ని.

ఆయన తిప్పాడు, చదివాడు, సంతకం పెట్టాడు.